వాకిలి, మిద్దె, కారు కడగడానికి ప్రెషర్ వాషర్: ఏమి చూసి కొనాలి?

ముంగిట ముగ్గు (తిరుపతి)
నవంబరు 24, ఉదయం 10:15

మిత్రులందరికీ నమస్కారం. ఎయిర్ బైపాస్ రోడ్డుకు దగ్గరలో ఇరవై రెండేళ్ల కిందట కట్టుకున్న ఇల్లు మాది. ముందు వాకిలికి గ్రానైటు, రెండు పక్కల సందులకు కడప బండలు, పెరట్లో సిమెంటు గచ్చు, మిద్దె మీద పాతకాలపు ఎర్ర పెంకులు పరిపించాము. అక్టోబరు చివర వానలు మొదలైనప్పటి నుంచి ఎండ తగలని సందంతా పాచి పట్టింది. మొన్న మా ఇంట్లో పని చేసే అమ్మాయి అక్కడ కాలు జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది కాబట్టి సరిపోయింది. వాకిట్లో కార్తీక దీపాల నూనె మరకలు వేరే ఉన్నాయి. ఉద్యోగ విరమణ చేసిన నాకు మోకాళ్లు వంగి కొబ్బరి చీపురుతో రుద్దే ఓపిక లేదు.

నీళ్లను జోరుగా చిమ్మి కడిగే ప్రెషర్ వాషర్ ఒకటి కొంటే దీనితో పాటు కారు, అబ్బాయి ఎలక్ట్రిక్ స్కూటరు కూడా కడుక్కోవచ్చునని ఆలోచన. అయితే నగరంలో రెండు దుకాణాలు తిరిగి వచ్చేసరికి ఉన్న స్పష్టత కూడా పోయింది. ఒకరు 110 బార్ మిషను చూపించి ఇంటికి ఇది చాలునన్నారు. మరొకరు అంతకంటె తక్కువ ధరకే 210 బార్ అని రాసిన పెట్టెను ముందు పెట్టి, పక్క దుకాణం వాళ్లు నన్ను మోసం చేస్తున్నారన్నారు. ఎవరి మాట నమ్మాలి?

మా అత్తగారి కాలం నుంచి ఒక అలవాటు ఉంది. వైకుంఠ ఏకాదశికి ముందు వచ్చే మంగళవారం తిరుమల కొండ మీద గుడినంతా కడిగి శుద్ధి చేసే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది కదా, ఆ రోజునే మేమూ ఇల్లంతా కడుక్కుంటాము. ఆ లోపల మిషను ఇంటికి వస్తే బాగుంటుంది.

చీపురుకట్ట (చిత్తూరు, గిరింపేట)
నవంబరు 24, మధ్యాహ్నం 1:40

అమ్మా, నిరుత్సాహపరుస్తున్నానని అనుకోకండి. మా వీధిలో ముగ్గురు ఈ మిషన్లు కొన్నారు, ముగ్గురివీ ఇప్పుడు అటక మీదే ఉన్నాయి. ఏడాదికి నాలుగు రోజుల పనికి అన్ని వేలు పోయడం కంటె ఒక మనిషిని పెట్టుకుని గట్టి బ్రష్షుతో రుద్దిస్తే పని అవుతుంది, ఆ మనిషికి కూలీ దొరుకుతుంది. అదీ కాక వేసవిలో ట్యాంకరు కోసం ఎదురు చూసే మన ఊళ్లలో ఇంత జోరుగా నీళ్లు చిమ్మే యంత్రం అవసరమా అన్నది నా సందేహం.

పంపు మేస్త్రి (చిత్తూరు)
నవంబరు 24, రాత్రి 9:05

నేను మోటార్లు, పంపులు బాగు చేసే పనిలో ఉన్నవాణ్ని. ఈ మిషన్లు నా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా చెడిపోయాకనే కాబట్టి, ఎందుకు చెడిపోతాయో కాస్త తెలుసు.

మొదట ఆ 210 బార్ సంగతి చూద్దాము. బార్ అంటే పీడనానికి కొలత. ఒక బార్‌కు సుమారు 14.5 పి.ఎస్.ఐ. (పీడనానికే ఇంకో కొలత), కాబట్టి పెట్టె మీద 1450 అని పెద్ద అంకె కనిపించినా అది 100 బార్ మాత్రమే. పీడనంతో పాటు నిమిషానికి ఎన్ని లీటర్ల నీళ్లు వస్తాయన్నది తప్పక చూడాలి. పాచిని బండ నుంచి పెకలించేది పీడనం, పెకలించినదాన్ని అవతలికి తోసుకుపోయేది నీటి ధార. ఈ రెండింటినీ హెచ్చించి 600తో భాగిస్తే ఆ నీటిలోకి ఎన్ని కిలోవాట్ల శక్తి వెళుతున్నదో తెలుస్తుంది. 100 బార్, నిమిషానికి 6 లీటర్లు అయితే సరిగ్గా ఒక కిలోవాటు. మోటారులోను, పంపులోను పోయే నష్టాలు కలుపుకుంటే దానికి కరెంటు 1400 వాట్లయినా కావాలి. ఆ లెక్క నమ్మదగినది. ఇప్పుడు 210 బార్, 8 లీటర్లు, 1500 వాట్లు అని ఎవరైనా రాశారనుకోండి. లెక్క కడితే నీటిలోకే 2.8 కిలోవాట్లు వెళ్లాలి. తీసుకున్న కరెంటుకు దాదాపు రెండింతల పని చేసే మోటారును ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు, చేస్తే నా దుకాణం మూసుకోవలసిందే.

పెట్టె మీద "గరిష్ఠ పీడనం", "పని చేసే పీడనం" అని రెండు అంకెలు కూడా ఉంటాయి. గరిష్ఠం అన్నది నీళ్లు చిమ్మే గన్ను ట్రిగ్గరు వదిలిన క్షణంలో లోపల తగిలే పీడనం. కడిగేటప్పుడు మనకు దక్కేది రెండోది, అది కొంత తక్కువే ఉంటుంది. రెండో అంకె అసలు రాయని పెట్టెను అక్కడే వదిలేసి రండి.

తరువాత మోటారు. తక్కువ ధర మిషన్లలో కార్బన్ బ్రష్షులుండే మోటారు ఉంటుంది, ఎక్కువ ధర వాటిలో ఇండక్షన్ మోటారు ఉంటుంది. ఇంట్లో మిక్సీకి, వెట్ గ్రైండరుకు ఉన్న తేడాయే ఇది. మిక్సీ చిన్నది, తేలికైనది, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, ఎక్కువసేపు వేస్తే వాసన వస్తుంది. గ్రైండరు బరువు, కానీ గంటసేపు తిరిగినా ఉలకదు పలకదు. నెలకు ఒకటి రెండుసార్లు, అరగంట చొప్పున వాడే ఇంటికి బ్రష్షుల మోటారే చాలు, అయితే ఇరవై నిమిషాలకు ఒకసారి దానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. వారం వారం రెండు కార్లు, పెద్ద ఆవరణ కడిగేవారు మాత్రం ఇండక్షన్‌కే పోవడం మంచిది.

మీకు 100 నుంచి 120 బార్ వరకు పని చేసే పీడనం, 6 లీటర్లకు తగ్గని ధార ఉంటే అంతకు మించి ఏమీ అక్కరలేదు. ట్రిగ్గరు వదలగానే మోటారు ఆగే ఏర్పాటు ఉందో లేదో, అయిదు మీటర్ల కంటె పొడవైన ప్రెషరు పైపు ఇస్తారో లేదో, సీళ్లు (నీళ్లు కారకుండా ఆపే వలయాలు), వాల్వులు, గన్ను విడిగా దొరుకుతాయో లేదో అడగండి. మూడో ప్రశ్నకు దుకాణదారు నీళ్లు నమిలితే ఎంత చవకైనా తీసుకోకండి. అయిదు రూపాయల రబ్బరు వలయం (ఓ-రింగు) దొరక్క మొత్తం మిషనును పాత సామానుకు వేసినవాళ్లను చూశాను.

చీపురుకట్ట గారూ, మీ వీధిలోని మూడు మిషన్లలో ఒకటి నేనే బాగు చేసినట్టు గుర్తు. నీళ్లు లేకుండా నడిపారు.

ముంగిట ముగ్గు (తిరుపతి)
నవంబరు 25, ఉదయం 8:30

మేస్త్రి గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఆ 600 లెక్క కాగితం మీద వేసుకుని మళ్లీ దుకాణానికి వెళతాను. నీళ్లు లేకుండా నడపడం అన్నారు, అది ఎలా జరుగుతుంది? మా ఇంటి కుళాయిలన్నీ మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చేవే. మున్సిపాలిటీ నీళ్లు, బోరు నీళ్లు రెండూ సంపులో కలిసి అక్కడికి ఎక్కుతాయి.

పంపు మేస్త్రి (చిత్తూరు)
నవంబరు 25, మధ్యాహ్నం 2:20

అసలు విషయం మీ ప్రశ్నలోనే ఉందమ్మా. ట్యాంకు ఎత్తు ప్రతి 10 మీటర్లకు ఒక బార్ పీడనం ఇస్తుంది. మీ ఇంటి ట్యాంకు నేల కుళాయికి అయిదు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చేది అర బార్. మిద్దె మీద, ట్యాంకు పక్కనే ఉన్న కుళాయికి దాదాపు ఏమీ ఉండదు. మిషను నిమిషానికి 6 లీటర్లు అడుగుతూ ఉంటే కుళాయి 4 లీటర్లే ఇచ్చిందనుకోండి, మిగతా 2 లీటర్ల చోటును పంపు గాలితో, ఆవిరి బుడగలతో నింపుకుంటుంది. ధార తెగి తెగి వస్తుంది, గన్ను చేతిలో కొట్టుకుంటుంది, లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు శబ్దం వస్తుంది. సీళ్లను చల్లబరిచేది ఆ నీళ్లే కాబట్టి, అవి అందకపోతే సీళ్లు కాలిపోతాయి.

కొనక ముందే ఒక పరీక్ష చేయండి. 15 లీటర్ల బకెట్టు తీసుకుని, ప్రతి కుళాయి కింద పెట్టి, పూర్తిగా తిప్పి, ఎంతసేపటికి నిండుతుందో చూడండి. 6 లీటర్ల మిషనుకు కుళాయి 8 లీటర్లయినా ఇవ్వాలి, అంటే బకెట్టు రెండు నిమిషాల లోపల నిండాలి.

ముంగిట ముగ్గు (తిరుపతి)
నవంబరు 26, ఉదయం 7:50

గేటు పక్క కుళాయి ఒక నిమిషం ఇరవై సెకన్లు. పెరటి కుళాయి రెండు నిమిషాల నలభై సెకన్లు. మిద్దె మీది కుళాయి కింద బకెట్టు పెట్టి, తులసికి నీళ్లు పోసి, ఆరేసిన బట్టలు మడత పెట్టి వచ్చినా నిండలేదు.

పంపు మేస్త్రి (చిత్తూరు)
నవంబరు 26, ఉదయం 9:10

గేటు కుళాయి నిమిషానికి 11 లీటర్లకు పైగా ఇస్తున్నది, దానికి మిషను నేరుగా తగిలించవచ్చు. పెరటి కుళాయి విప్పి చూస్తే లోపల ఉప్పు పేరుకుని ఉంటుంది. అది మార్చినా రాకపోతే డ్రమ్ములో నీళ్లు నింపుకుని, పీల్చే పైపుతో తీసుకోవాలి. అందుకని తానే నీళ్లు పీల్చుకునే రకం మిషనునే అడగండి. డ్రమ్మును మిషను పక్కనే, వీలయితే ఒక మెట్టు మీద పెట్టండి. పైపు చివర జల్లెడ తప్పనిసరి. పైపును ముందుగా నీటిలో పూర్తిగా ముంచి, లోపలి గాలి పోయాకే మిషనుకు బిగించండి. అతుకు దగ్గర వెంట్రుకంత సందున్నా నీటికి బదులు గాలినే పీలుస్తుంది.

ఏ కుళాయికి తగిలించినా వరుస ఒక్కటే. ముందు నీళ్లు వదలండి, ట్రిగ్గరు నొక్కి పట్టుకోండి, గన్ను కొసనుండే నాజిలు నుంచి బుడగలు లేని ధార వచ్చాకే స్విచ్చు వేయండి. కట్టేటప్పుడు ముందు స్విచ్చు, తరువాత కుళాయి, చివరగా ట్రిగ్గరు నొక్కి లోపల మిగిలిన పీడనం వదిలించండి. ఆ చివరి పని మరిచిపోతేనే సీళ్లు రాత్రంతా బిగుసుకుని ఉంటాయి.

కొండదారి (తిరుపతి)
నవంబరు 26, రాత్రి 10:45

నేను టాక్సీ నడుపుతాను, రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగే బండి కాబట్టి కడగడం కూడా రోజూ ఉంటుంది. మేడమ్ గారికి కారు సంగతి రెండు మాటలు చెబుతాను.

కొండ దిగి వచ్చిన వెంటనే చక్రాల మీద చన్నీళ్ల ధార కొట్టకండి. అలిపిరికి చేరేసరికి బ్రేకు డిస్కులు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ వేడి మీద చల్లని నీళ్లు పడితే డిస్కు వంకరపోయే ప్రమాదం ఉంది, ఆ తరువాత బ్రేకు నొక్కిన ప్రతిసారీ స్టీరింగు వణుకుతుంది. అరగంట ఆగి కడిగితే ఏ నష్టమూ లేదు.

పెయింటుకు దగ్గరగా గన్ను తీసుకుపోకూడదు. ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు, దూరం పాటించాలి. విడిగా వచ్చే నాజిళ్లకు రంగులుంటాయి, ధార ఎన్ని డిగ్రీల కోణంలో విచ్చుకుంటుందో ఆ రంగు చెబుతుంది. ఎరుపు సున్నా డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బు నీళ్లకు. కారుకు తెలుపు, మరీ బురదగా ఉంటే ఆకుపచ్చ వాడండి. ఎరుపును కారు ఉన్న చోటికే తీసుకురావద్దు. ఎక్కడైనా రాయి తగిలి పెయింటు లేచి ఉంటే ఆ అంచు కిందికి ధార దూరి అరచేయంత పొర ఊడబెరుకుతుంది. టైరు పక్క భాగానికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. బానెట్ ఎత్తి ఇంజను మీద కొట్టే అలవాటు కొందరికి ఉంది. ఆల్టర్నేటరు, వైర్ల కనెక్టర్లు అక్కడే ఉంటాయి కాబట్టి ఆ పని తడిగుడ్డకు వదిలేయడమే మేలు.

అబ్బాయి ఎలక్ట్రిక్ స్కూటరు సంగతికి వస్తే, బ్యాటరీకి ఐ.పి. 67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే అంకె) ఉంది, ఏమీ కాదు అని అందరూ అంటారు. 67లోని ఏడుకు అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి నీళ్లు పోవని. జోరుగా కొట్టే ధారను తట్టుకుంటుందని దాని అర్థం కాదు. దానికి 9 అనే వేరే అంకె ఉంది, ఆ పరీక్షలో 80 డిగ్రీల వేడి నీళ్లను 80 నుంచి 100 బార్ పీడనంతో జానెడు దూరం కూడా లేకుండా కొడతారు. మునగడం వేరు, ధార తగలడం వేరు. స్కూటరుకు మామూలు పైపు, మెత్తటి గుడ్డ చాలు.

సున్నం గచ్చు (తిరుపతి, కె.టి. రోడ్డు)
నవంబరు 27, ఉదయం 11:30

ఇళ్లు కట్టించే పనిలో ముప్పై ఏళ్లు గడిపిన సివిల్ ఇంజనీరుగా ఇక్కడ నాకు కనిపిస్తున్న ఆందోళన మిషను గురించి కాదు, మీ మిద్దె గురించి.

మీ మిద్దె మీది ఎర్ర పెంకుల మధ్య సందులను సిమెంటుతోనో, సున్నం కలిపిన గారతోనో నింపి ఉంటారు. ఇరవై రెండేళ్ల ఎండకు, వానకు ఆ గార ఇప్పటికే పొడిబారి ఉంటుంది. దాని మీద 100 బార్ ధార నడిపిస్తే పాచితో పాటు గార కూడా ఇసుకలా లేచిపోతుంది. కడిగిన రోజున మిద్దె కొత్తదానిలా మెరుస్తుంది, డిసెంబరు తుఫాను నాటికి పడకగది కప్పులో తడి మచ్చ కనిపిస్తుంది. ఇలాంటి ఇంటి యజమానులు నా దగ్గరికి వచ్చి, కట్టినవాడిని తిడుతూ ఉంటారు. మిద్దెను చీపురుతోనే కడిగించండి. తప్పదనుకుంటే 40 డిగ్రీల నాజిలుతో, రెండు అడుగుల పైనుంచి, సందుల వెంబడి కాకుండా అడ్డంగా, మచ్చ తడిసి కదిలే మేరకు మాత్రమే కొట్టండి. వాటర్ ప్రూఫ్ రంగు పూసిన మిద్దెలకూ ఇంతే, అంచు ఒకచోట లేచి ఉంటే చాలు, చాపలా చుట్టుకుని వచ్చేస్తుంది. అక్కడే సోలార్ పలకలో, సోలార్ వేడినీళ్ల గాజు గొట్టాలో ఉంటే వాటి వైపు గన్ను తిప్పనే వద్దు.

ఇక బండలు. గ్రానైటుకు ఈ ధార ఏమీ చేయదు, నిశ్చింతగా కడగవచ్చు. కడప బండ అలాంటిది కాదు. అది పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. సున్నా డిగ్రీల ధారను, తిరిగే టర్బో నాజిలును దగ్గర పెడితే బలహీనమైన పొర రేకులుగా లేస్తుంది, నల్లటి బండ మీద తెల్లటి గీతలు మిగులుతాయి. దుకాణదారు టర్బో నాజిలును ఉచితంగా ఇస్తానంటే తీసుకోండి, కానీ దానిని గరుకు సిమెంటు గచ్చుకు మాత్రమే కేటాయించండి. 25 డిగ్రీల నాజిలు ఒక అడుగు ఎత్తున దాదాపు 13 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని కడుగుతుంది, 40 డిగ్రీలది 22 సెంటీమీటర్లు కడుగుతుంది. ఎత్తు సగానికి తగ్గిస్తే పట్టీ కూడా సగమవుతుంది, కానీ దెబ్బ మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకని దూరం నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా దగ్గరికి రండి, పాచి కదిలిన ఎత్తు దగ్గర ఆగిపోండి. ముందుగా ఎవరి కంటా పడని మూల ఒక బండ మీద చేసి చూడండి.

మన ఊళ్లో పాచికి బాత్‌రూము యాసిడ్ పోసే అలవాటు ఉంది. గ్రానైటు దానిని ఓర్చుకుంటుంది కానీ కడప బండ ఓర్చుకోదు. పోసిన చోట బుసబుస పొంగుతున్నదంటే బండ కరుగుతున్నదన్నమాట. బ్లీచింగ్ పౌడరు నీళ్లు చల్లి పావుగంట ఉంచితే పాచి చచ్చి, ధారకు తేలికగా వస్తుంది. అయితే బ్లీచింగ్ ఉన్న చోట యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది. గాలి ఆడని మీ సందులో అది ప్రాణాంతకం కావచ్చు. ఈ రెండింటిలో దేనినీ మిషను సబ్బు డబ్బాలో పోయకండి, పంపు లోపలి లోహం తినేస్తుంది.

దీపాల నూనె మరకలు చన్నీళ్ల పీడనానికి లొంగవు. ముందు గిన్నెలు తోమే సబ్బు ద్రావణం పోసి, బ్రష్షుతో రుద్ది, పది నిమిషాలు నాననివ్వండి, ఆ తరువాత ధార కొట్టండి. వేడి నీళ్లయితే బాగా వస్తాయని మిషనులోకే మరిగే నీళ్లు పంపుతారేమో, ఇంటి మిషన్లు చాలావరకు 40 డిగ్రీలకు మించిన వేడి నీళ్లకు తయారు చేసినవి కావు. వేడి నీళ్లను చెంబుతో నేల మీదే పోసుకోండి.

ఆవుల కొట్టం (బంగారుపాళెం దగ్గర)
నవంబరు 27, రాత్రి 8:15

మాకు ఆరు ఆవులు, కొంత మామిడి తోట ఉన్నాయి. మా వైపు రైతుల ఇళ్లలో మామిడికి మందు కొట్టే హెచ్.టి.పి. పంపు ఉండనే ఉంటుంది కాబట్టి కొత్తగా ప్రెషర్ వాషర్ కొనే ముందు దానిని చూసుకోవచ్చు. దాని పీడనం 30 కిలోల, అంటే సుమారు 30 బార్‌కు అటూ ఇటూ మాత్రమే, కానీ ధార నిమిషానికి 15 నుంచి 22 లీటర్ల వరకు వస్తుంది. కొట్టంలో పేడ తోయడానికి మేస్త్రి గారు చెప్పిన ధారే కావాలి, అంత పీడనం అక్కరలేదు. మా తమ్ముడు 110 బార్ మిషను తెచ్చి కొట్టంలో వాడి చూశాడు. గచ్చుకు పట్టిన పచ్చటి మరక పోయింది కానీ, పేడ మాత్రం కొట్టుకుపోకుండా గోడలకు చిమ్మి అంటుకుంది.

ఒక్క హెచ్చరిక. మందు కొట్టిన డ్రమ్మును, పైపును, గన్నును కొట్టంలోకి గాని ఇంటి వాకిట్లోకి గాని తేవద్దు, ఎన్నిసార్లు కడిగినా సరే. పంపు ఒకటే అయినా డ్రమ్ము, పైపులు మాకు రెండు జతలున్నాయి, వాటికి వేరే రంగు గుడ్డలు కట్టి ఉంచాము. పంపు శబ్దానికి పాడి ఆవు బెదిరి పాలు చేపకపోవచ్చు, కాబట్టి పశువులను బయటికి తోలాకే కడుగుతాము.

చీపురుకట్ట (చిత్తూరు, గిరింపేట)
నవంబరు 28, ఉదయం 6:55

మేస్త్రి గారు చెప్పిన బకెట్టు పరీక్షను నేను మా హోస్ పైపుతో చేసి చూశాను. 15 లీటర్ల బకెట్టు 50 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 18 లీటర్లు. మిషను 6 లీటర్లే తాగుతుందంటే నీళ్లు దండగ అన్న నా మాటను వెనక్కి తీసుకోవలసిందే. కరెంటు లెక్క కూడా వేశాను, 1800 వాట్ల మిషను అరగంటకు ఒక యూనిట్ లోపే. అటక మీద ఉంటుందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పంపు మేస్త్రి (చిత్తూరు)
నవంబరు 28, ఉదయం 8:00

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1800 వాట్లంటే దాదాపు 8 ఆంపియర్లు. గేటు పక్క లైటు కోసం పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు, గీజరుకు వాడే 16 ఆంపియర్లది కావాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సులు వేడెక్కి కరుగుతాయి. వైరు పొడిగించే బదులు నీటి పైపును పొడిగించుకోండి. తప్పనిసరి అయితే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును చుట్ట మొత్తం విప్పి వాడండి, అతుకును తడి నేల మీద ఉంచకండి. ఇంట్లో ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తానే ఆగే స్విచ్చు) ఉంటే సరిపోతుందనుకోవద్దు, మనిషికి షాకు తగిలినప్పుడు కరెంటును కత్తిరించేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పాత ఇళ్లలో చాలావాటికి అది లేదు.

వార్డు దీపం (చిత్తూరు)
నవంబరు 28, రాత్రి 11:20

నేను నర్సును. కరెంటు గురించి చెప్పారు గాని ధార గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. కాళ్లకు అంటిన బురదను ఈ గన్నుతో కడుక్కోవడం, పిల్లలు ఒకరి మీద ఒకరు చిమ్ముకోవడం ఎంతమాత్రం కూడదు. సన్నటి ధార చర్మాన్ని చీల్చి, నీటిని, మురికిని లోపలి కండలోకి ఎక్కిస్తుంది. పైకి చూస్తే చీమ కుట్టినంత రంధ్రం ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు. అలా జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆస్పత్రికి వెళ్లి, ఇది ప్రెషర్ ధార తగిలిన గాయమని స్పష్టంగా చెప్పాలి. అలా చెప్పకపోతే చిన్న గాయమనుకుని కట్టు కట్టి పంపే అవకాశం ఉంది. కడిగేటప్పుడు కళ్లద్దాలు, ముందు మూసి ఉండే చెప్పులు వేసుకోండి.

ముంగిట ముగ్గు (తిరుపతి)
డిసెంబరు 8, సాయంత్రం 5:30

మిషను కొన్నాను. పని చేసే పీడనం 110 బార్, ధార 6.5 లీటర్లు, 1800 వాట్లు. మేస్త్రి గారి లెక్క ప్రకారం నీటిలోకి 1.2 కిలోవాట్లు వస్తుంది, సరిపోయింది. 210 బార్ దుకాణంలో కూడా అదే కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ఆ అబ్బాయి కాసేపు చూసి, "మేడమ్, మీరు లెక్కల టీచరా?" అని అడిగాడు. తెలుగు చెప్పేదాన్నని చెప్పి వచ్చాను. ఎలక్ట్రీషియనును పిలిపించి గేటు దగ్గర 16 ఆంపియర్ల సాకెట్టు, లోపల ఆర్.సి.సి.బి. పెట్టించాను. పెరటి కుళాయి విప్పితే మేస్త్రి గారు చెప్పినట్టే లోపల సున్నం గట్టిపడి పెన్సిలు పట్టేంత దారే మిగిలి ఉంది.

కొండదారి (తిరుపతి)
డిసెంబరు 8, రాత్రి 9:50

మంచిది మేడమ్ గారూ. మొదటి రోజున గన్ను ఒక చేత్తో పట్టుకోకండి, ట్రిగ్గరు నొక్కగానే వెనక్కి తంతుంది.

ముంగిట ముగ్గు (తిరుపతి)
డిసెంబరు 24, ఉదయం 9:40

నిన్న మంగళవారం అనుకున్నట్టే ఇల్లంతా కడిగాము. సందులోని కడప బండల మీద ముందు రోజు సాయంత్రం బ్లీచింగ్ నీళ్లు చల్లి, రుద్ది, కడిగేసి, ఉదయం 25 డిగ్రీల నాజిలుతో ఒక అడుగు పైనుంచి కొట్టాను. మొదటి పట్టీ తీసినప్పుడు ఆకుపచ్చ నేల మధ్య నల్లటి దారి ఒకటి తెరుచుకున్నట్టు కనిపించింది. ఇరవై అడుగుల సందుకు నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో ఒకసారి మోటారును చల్లారనిచ్చాను. మిద్దె జోలికి పోలేదు. వాకిట్లో నూనె మరకలు రెండోసారి సబ్బు పెట్టాక చాలావరకు పోయాయి, ఒకటి రెండు నీడల్లా మిగిలాయి.

ఒక తప్పు చేశాను, దాచడం ఎందుకు. వాకిలి బాగా రావడంతో ఉత్సాహం ఆగక, నాజిలు మార్చకుండానే గడప మీది దుమ్మును కూడా తోసేద్దామని గన్నును అటు తిప్పాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు. పసుపు రంగు పెయింటు, దాని మీది కుంకుమ బొట్ల డిజైను, పోయిన ఉగాదికి వేయించినవి, అరచేతి వెడల్పున రేకులుగా లేచి వాకిట్లోకి కొట్టుకుపోయాయి. కింద టేకు చెక్క నారలు నారలుగా కనిపిస్తున్నది. మా అమ్మాయి నవ్వింది కానీ నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ చెక్కకు మళ్లీ రంగు వేయించే ముందు ఏం చేయాలో సున్నం గచ్చు గారు చెప్పగలరా?

సున్నం గచ్చు (తిరుపతి, కె.టి. రోడ్డు)
డిసెంబరు 24, మధ్యాహ్నం 12:15

కంగారు పడవలసినదేమీ లేదమ్మా. నారలోకి నీళ్లు దిగి ఉంటాయి కాబట్టి వారం పది రోజులు బాగా ఆరనివ్వండి, తడి మీద రంగు వేస్తే బుడగలు కట్టి మళ్లీ లేస్తుంది. ఆరాక సన్న ఉప్పుకాగితంతో నారల దిశలోనే రుద్ది, లేచిన పాత రంగు అంచులను కూడా గీకించి, చెక్కకు వేసే ప్రైమరు ఒక చేయి, తరువాత ఎనామెలు రెండు చేతులు వేయించండి. చుట్టూ ఉన్న పాత రంగు గోటితో గీకితే రాకుండా గట్టిగా ఉంటేనే ఆ అరచేతి మేర వేయించండి, లేకపోతే గడప మొత్తం వేయించడమే నయం.

పంపు మేస్త్రి (చిత్తూరు)
డిసెంబరు 24, మధ్యాహ్నం 1:05

లోపల పెట్టేటప్పుడు నీటి పైపు తీసేసి, ఒక రెండు సెకన్లు మాత్రం ఆడించి మిగిలిన నీళ్లు బయటికి పోనిచ్చారా? నీళ్లు లోపలికి వచ్చే చోట వేలి గోరంత జల్లెడ ఉంటుంది, దానిని కూడా తీసి చూడండి. మీది ఉప్పు నీళ్ల ప్రాంతం.

ముంగిట ముగ్గు (తిరుపతి)
డిసెంబరు 24, సాయంత్రం 6:20

నీళ్లు తీశాను, ట్రిగ్గరు కూడా నొక్కి వదిలాను. జల్లెడ సంగతి మీరు అడిగాకే చూశాను. గోటితో లాగితే వచ్చింది, దాని మీద సంపు నుంచి వచ్చిన సన్నటి ఇసుక, ఒక చీమ, నాలుగు తెల్లటి సున్నం పలుకులు ఉన్నాయి. కడిగి మళ్లీ పెట్టాను. మిషనును అటక మీద పెట్టలేదు, చీపురుకట్ట గారికి తెలియజేస్తున్నాను, మెట్ల కింద చీపురు పక్కనే ఉంది. గడప ఆరేదాకా ఆ బోసి చెక్క మీదే పసుపు రాసి బొట్లు పెడుతున్నాను.